ఎండకాలం గల్లీ కుక్కలు: నీళ్లు, తిండి, గోమార్లు (పిడుదులు), చెవెనుక పుండు – ఏం చేయాలె?

నయీంనగర్ గల్లీ:
మా గల్లీల పెద్ద కుక్కలు ఏడున్నయి. అందుల ఒకదానికి రెండు నెలల పిల్లలు మూడు. ఎండలు ముదురుతున్నయి, రోహిణి కార్తె వచ్చేసరికి వీటి గతి ఏందని భయమైతున్నది. నాలుగు సంగతులు అడగాలె.

నీళ్లకు ఎసోంటి తొట్టి పెట్టాలె, ఏడ పెట్టాలె? ఇప్పుడు పొద్దుగాల బిస్కెట్లు, మధ్యాహ్నం మిగిలిన అన్నం పెడుతున్నం, అది సాల్తదా? అన్నిటికి చెవుల నిండ గోమార్లే, వాటికి ఏం మందు? ఇగ ముఖ్యమైనది: ఒక మగ కుక్కకు చెవెనుక పుండైంది, వాసనొస్తున్నది, తల ఊకె విదిలిస్తున్నది. కాలనీల కొందరు కాలిన ఇంజన్ ఆయిల్ పొయ్యమంటున్నరు, పొయ్యొచ్చా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుర్రి.

ఓరుగల్లు పశువైద్యం:
ముందు పుండు సంగతి చూడండి, మిగతావి రేపటికి ఆగుతాయి. వాసన, తల విదిలించడం రెండూ ఉన్నాయంటే పురుగులు పడ్డట్టే అనుకోవాలి. ఈగ గుడ్లు పెట్టిన 12–24 గంటల్లో పురుగులు పుడతాయి. ఐదారు రోజులు బతికున్న మాంసాన్నే తింటూ లోపలికి తొలుచుకుపోతాయి. చెవెనుక, మెడ మీద, తోక మొదట్లో అయిన గాయాలే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అక్కడికి కుక్క నాలుక అందదు. పైకి రూపాయి బిళ్లంత కనిపించే కన్నం లోపల పిడికిలంత ఉండవచ్చు.

ఇంజన్ ఆయిల్ వద్దు. పెట్రోలు, కిరోసిన్, ఫినాయిల్ కూడా వద్దు. అవి పురుగులతో పాటు మంచి మాంసాన్నీ కాలుస్తాయి. పచ్చి గాయం నుంచి ఒంట్లోకి ఎక్కుతాయి, ఒంటి మీద కారినదాన్ని కుక్క నాకుతుంది. ఫినాయిల్ పోస్తే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. గజ్జికి ఒళ్లంతా ఇంజన్ ఆయిల్ పూయడమూ ఇంతే చెడ్డది, ఎండాకాలంలో ఇంకా చెడ్డది.

చేయాల్సిన పని ఇది. పొద్దున ఏడు లోపు, చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఇద్దరు కావాలి. కుక్క మీకు బాగా అలవాటైనదే అయినా నొప్పికి కరుస్తుంది. రెండు అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల పొడవు గుడ్డ పట్టీ తీసుకోండి. ముక్కు మీద వదులు ముడి వేసి, చివరలు దవడ కిందికి తెచ్చి ఇంకోసారి తిప్పి, చెవుల వెనక ఊడే ముడి వేయండి. నోరు కట్టినప్పుడు కుక్క ఒగర్చలేదు, ఒళ్లు వేడెక్కుతుంది. అందుకే ఐదు నిమిషాలకోసారి విప్పి ఊపిరి తీసుకోనివ్వాలి. వాంతులు చేసుకుంటున్న కుక్కకు, పొట్టి ముక్కు కుక్కకు కట్టనే వద్దు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి.

పుండు చుట్టూ రెండు అంగుళాల మేర వెంట్రుకలు కత్తిరించండి. లేకపోతే పక్కన ఇంకో కన్నం ఉన్నా కనపడదు. లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలపండి. టీ చెంచాతో తల కొట్టి ఒకటిన్నర అనుకోండి. సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో ఆ నీళ్లను లోపలికి చిమ్మండి, చీము, పురుగులు కొట్టుకొస్తాయి. మిగిలినవి గాలి కోసం పైకి వస్తూ ఉంటాయి, మొండి చిమటాతో ఒక్కొక్కటీ తీయాలి. తెగ్గొట్టి లోపల వదలకండి. రాకపోతే పశువుల మందుల షాపులో దొరికే టాపిక్యూర్ లాంటి స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగితే పైకొస్తాయి. టర్పెంటైన్‌లో దూది ముంచి పెట్టడం పాత పద్ధతి. పురుగులు వస్తాయి గాని బాగా మండుతుంది, అందులోనూ మీరు చెప్పిన చోటు చెవికి, కంటికి దగ్గర. అక్కడ వాడవద్దు.

పురుగులు పోయాక 10 శాతం బీటాడిన్‌ను ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, పల్చటి టీ రంగులో ఉన్న ఆ నీళ్లతో కడగండి. చిక్కటిది నేరుగా పోస్తే కొత్తగా వచ్చే కండ మాడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే, రోజూ పోస్తే గాయం మానదు. కడిగిన గాయం అంచుల మీద ఈగలు వాలకుండా అదే స్ప్రే. నెగాసంట్ పొడి వాడేవాళ్లు అంచుల మీద పలుచగా మాత్రమే చల్లాలి. అందులోవి పురుగుమందులే. ఎక్కువై ఒంట్లోకి పోతే చొంగ, వణుకు మొదలవుతాయి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పిల్లలకు, పాలిచ్చే తల్లికి అది వద్దు.

ఒక్కరోజుతో అయిపోయిందనుకోవద్దు. మొదటి రోజు కనపడని గుడ్లు మర్నాడు పురుగులవుతాయి. రెండో రోజు, మూడో రోజు మళ్లీ విప్పి చూసి కడగాలి. అడుగున ఎర్రటి, తడి కండ కనిపిస్తే మానుతున్నట్టు. నల్లగా, వాసనగా ఉంటే ఇంకా పురుగుంది.

కన్నం చెవి లోపలికి పోయినా, వేలు లోపలికి దిగేంత లోతున్నా, కుక్క తిండి మానేసినా ఇంట్లో చేయొద్దు. మామునూరు వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికో దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకో ఆటోలో తీసుకెళ్లండి. యాంటీబయాటిక్, నొప్పి మందు బరువు చూసి వాళ్లే ఇస్తారు. 1962 వాహనం ప్రధానంగా పల్లెల్లో పశువులు, గొర్రెల కోసం పెట్టింది, దాని కోసం ఎదురుచూస్తూ పూట పోగొట్టుకోవద్దు.

కాజీపేట అక్క:
డాక్టర్ సాబ్ పుండు సంగతి చెప్పిండ్రు, నేను నీళ్లు, తిండి చెప్త తమ్మీ.

తొట్టికి సిమెంటుదో మట్టిదో మంచిది. స్టీలు గిన్నె ఎండకు కాలుతది, నీళ్లు పదింటికే సలసల అంటయి. ప్లాస్టిక్ టబ్బును పిల్లలు కొరికి చింపుతయి. ఆరేడు అంగుళాల లోతు, పది లీటర్లు పట్టే సిమెంటు తొట్టి సాలు. కుడితి గోలెం అంత లోతుది పెట్టకు, కుక్కపిల్లలు పడి ఎల్లలేక సస్తయి. ఎసోంటిదైనా లోపల ఒక ఇటుక నిలబెట్టు, ఉడుతలు, పిట్టలకు గూడ పనికొస్తది. బయటి దిక్కు సున్నం పూస్తే నీళ్లు తొందరగ కాగవు.

లెక్క ఏందంటే, 15 కిలోల కుక్క మామూలు రోజుల్ల లీటరు దాక తాగుతది, ఎండలు ముదిరితే రెండు లీటర్లు పెట్టుకో. ఏడు కుక్కలకు ఒక్క తొట్టి సాలదు. బలమైన కుక్క తొట్టి కాడ పండుకుంటే బక్కది దగ్గరికి రాదు. ఇరవై ముప్పై అడుగుల ఎడంల రెండు పెట్టు. నీడ పొద్దుగాల కాదు, మధ్యాహ్నం మూడు గంటలకు ఏడ పడుతదో చూసి పెట్టాలె. గోడకు తూర్పు దిక్కు, లేకుంటే ఏప చెట్టు, కానుగ చెట్టు కింద. బండ్లు తిరిగే మూల మీద, ఇంటి గేటు ముంగట వద్దు.

పొద్దుగాల ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి నింపు. రోజూ పాత నీళ్లు పూర్తిగ పారబోసి కొబ్బరి పీసుతోటి రుద్దాలె, పైన నింపుకుంట పోవుడు కాదు. దోమ గుడ్డు నుంచి దోమ అయ్యేటందుకు వారం పదిరోజులు సాలు. పారబోయని తొట్టిల డెంగీ దోమ పుడుతది, అప్పుడు కాలనీవాళ్లు కోపానికొచ్చి తొట్టి పలగ్గొడితే తప్పు వాళ్లదని అనలేం.

ఇగ తిండి. బిస్కెట్ తిండి కాదు తమ్మీ. చక్కెర, మైదా తప్ప అందుల ఏముండదు. ఒక కుక్కకు ఒక పూటకు 100 గ్రాముల బియ్యం (వండితే రెండున్నర, మూడింతలైతది), 100–150 గ్రాముల చికెన్ ముక్కలు, ఒక చెంచ నూనె. చికెన్ షాపుల కాళ్లు, మెడలు, కందనకాయలు తక్కువకిస్తరు. కాళ్లు కుక్కర్ల అరగంట, నలభై నిమిషాలు ఉడికితే మెత్తగైతయి. ఉడికినంక గట్టిగ మిగిలిన బొక్కలు ఏరి పారెయ్. ఉడికిన బొక్క విరిగితే సూదిలెక్క పేగుల గుచ్చుకుంటది. కార్జం మొత్తంల పదో వంతు దాటనియ్యకు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన కూర పెట్టొద్దు, కుక్క రక్తకణాలు పగిలి రక్తం తగ్గుతది. ఎండు ద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు.

మధ్యాహ్నం పెట్టుడు బంద్ చెయ్. ఎండల తిన్న కుక్క ఒగరుస్తది, కక్కుతది, మిగిలిన అన్నం రెండు గంటల్ల పులుస్తది, ఈగలు ముసురుతయి, ఆ ఈగలే పుండ్ల మీద వాలుతయి. ఒక్క పూట పెట్టేటట్టైతే పొద్దుమూకినంక ఏడు, ఏడున్నరకు పెట్టు. ఒక్కో కుక్కకు వేరే పేపర్ ప్లేటు, ఐదారు అడుగుల ఎడం. పావుగంట ఆగి మిగిలింది, ప్లేట్లు తీసెయ్యాలె. పాలిచ్చే తల్లికి దీనికి రెండింతలు కావాలె, దానికి పొద్దుగాల గూడ పెట్టు.

నయీంనగర్ గల్లీ:
అక్కా, డాక్టర్ సాబ్, మస్తు థాంక్స్. పొద్దుగాల కడిగినం, ముప్పై దాక పురుగులెల్లినయి. కన్నం లోతు లేదు, అడుగు కనపడుతున్నది. రేపు మళ్ల చూస్తం.

ఇంకో కుక్క సంగతి. ఆడది, రెండు రోజుల సంది తింటలేదు, ఒక మూలకే పండుకుంటున్నది. నిన్న ముక్కు నుంచి నెత్తురొచ్చింది. ఒంటి నిండ గోమార్లే. పక్కింటాయన జరమని డోలో 650 సగం గోలి ఇచ్చిండు. వడదెబ్బనా ఇది?

ఓరుగల్లు పశువైద్యం:
వడదెబ్బ రెండు రోజులు సాగదు, గంటల్లో అటో ఇటో తేలిపోతుంది. ఒళ్లంతా గోమార్లు, తిండి మానడం, ముక్కులోంచి రక్తం చూస్తే గోమారి జ్వరం అనిపిస్తోంది, అంటే ఎర్లిషియా. గోధుమరంగు కుక్క గోమారి కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడుతుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అందుకే ముక్కులో రక్తం. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. తెల్లగా ఉంటే రక్తం తగ్గిపోయింది, ఇవాళే తీసుకెళ్లండి. గోమారి వల్లే వచ్చే బబేసియా కూడా ఉండవచ్చు, దాని మందు వేరు. కాబట్టి రక్త పరీక్ష చేయించాకే చికిత్స.

ఎర్లిషియాకు డాక్సీసైక్లిన్, కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. 15 కిలోల కుక్కకు రోజుకు 150 మిల్లీగ్రాములు. గల్లీ కుక్కల్లో ఈ చికిత్స ఎక్కడ తప్పుతుందో చెబుతాను. మూడో రోజుకే జ్వరం దిగి కుక్క లేచి తిరుగుతుంది, బాగైందని మందు ఆపేస్తారు, నెలన్నరకు మళ్లీ పడిపోతుంది. క్యాలెండర్ మీద గీత కొట్టుకుంటూ 28 రోజులూ ఇవ్వాలి. మాత్రను ఉడికిన గుడ్డులోనో చికెన్ ముక్కలోనో పెట్టి ఇవ్వండి, ఖాళీ కడుపున వాంతి అవుతుంది. పాలల్లో, పెరుగులో కలపవద్దు, మందు సరిగా ఒంటపట్టదు.

డోలో మళ్లీ ఇవ్వొద్దని మీ పక్కింటివారికి చెప్పండి. పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. పిల్లికైతే ప్రాణమే పోతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి. ఇప్పటికే రక్తం కారుతున్న కుక్కకు ఇంకా ముప్పు. ఇచ్చిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక గోమార్లు. చేత్తో ఏరి నలపవద్దు, స్పిరిట్ లేదా సబ్బు నీళ్ల సీసాలో వేయండి. ఏరినంత మాత్రాన పోవు, ఒక్క ఆడ గోమారి గోడ పగుళ్లలో నాలుగు వేల దాకా గుడ్లు పెడుతుంది. పట్టుకుని స్నానం చేయించలేని కుక్కలకు ఫ్లూరలానర్ మాత్ర, అంటే బ్రావెక్టో, అన్నిటికన్నా నయం. ఒక్కటి తిండిలో పెడితే 12 వారాలు గోమార్లు చస్తాయి. మన గల్లీ కుక్కలు చాలావరకు 10–20 కిలోల సైజు మాత్రకు సరిపోతాయి. ఫిట్స్ వచ్చే కుక్కకు, చిన్న పిల్లలకు డాక్టరును అడగకుండా వద్దు. ఖరీదు ఎక్కువే. డబ్బులు చాలకపోతే ఎక్కువ పట్టిన రెండు మూడింటితో మొదలుపెట్టండి, వానలకు ముందే, మే చివర్లో. ఫిప్రోనిల్ స్ప్రే చవక గాని, వెంట్రుకలకు ఎదురుగా కొట్టి చర్మం తడవాలి, రెండు రోజులు వానలో తడవకూడదు, గల్లీలో అది కుదరదు. పశువులకు కొట్టే డెల్టామెత్రిన్‌ను, సీసా మీద రాసిన కొలతకు మించకుండా, కుక్కలు పడుకునే చోట గోడ పగుళ్లకు కొట్టి ఆరాక సిమెంటుతో పూడ్చండి. చుట్టుపక్కల పిల్లులుంటే ఆ మందు వద్దు.

కరీంనగర్ ప్రాణిమిత్ర:
వడదెబ్బ మాట వచ్చింది కాబట్టి అది గూడ చెప్పాలె, మే నెలల ఇదే ఎక్కువ చంపుతది. ఎడతెగని ఒగర్పు, చిక్కటి చొంగ, ఇటుక రంగు చిగుళ్లు, తూలుడు, వాంతులు, కండ్లు తేలేసుడు. మామూలు కుక్క వేడి 101–102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే చల్లబరచాలె, 106 అంటే ప్రాణాపాయం.

ముందు చల్లబరుచు, తర్వాత ఆటో ఎక్కించు. ఎండల నుంచి నీడకు జరిపి కుళాయి నీళ్లు కడుపు కింద, తొడల లోపల, మెడ మీద ఆపకుండ పొయ్యాలె. గాలి తప్పనిసరి, టేబుల్ ఫ్యానో అట్ట ముక్కో. ట్యాంకు పైపు నీళ్లు మధ్యాహ్నం కాగి ఉంటయి, ముందు వేడి నీళ్లు పోనిచ్చి సల్లవడ్డంక పట్టు. తడి గోనె సంచి కప్పి వదిలేస్తే అది వేడిని లోపల పట్టేస్తది. 103కు దిగంగనే ఆపెయ్, లేకుంటే మరీ చల్లబడిపోతది. స్పృహ లేని కుక్క నోట్ల నీళ్లు పొయ్యకు, ఊపిరితిత్తుల్లకు పోతయి. లేచి కూసున్నంక లీటరు నీళ్లల్ల ఒక ఓఆర్ఎస్ పాకెట్ కలిపి గుక్కెడు గుక్కెడు పెట్టు. లేచి తిరిగినా ఆస్పత్రికి తీసుకపోవాలె, కిడ్నీలు ఒకటి రెండు రోజుల తర్వాత దెబ్బతింటయి.

నీడ కోసం రేకులు వెయ్యకు, కింద పొయ్యిలెక్క కాగుతది. గ్రీన్ నెట్ ఆరేడు అడుగుల ఎత్తుల కట్టి, కింద రెండు తట్టల ఇసుక పోసి పొద్దుగాల తడుపు. కుక్కలు అదే తవ్వుకొని పండుకుంటయి. పక్కన కార్లుంటే తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టుమని చెప్పు, కింద పిల్లలుంటయి.

నయీంనగర్ గల్లీ:
ఆడకుక్కను తీసుకపోయినం, ప్లేట్‌లెట్లు తక్కువున్నయట, డాక్సీ మొదలుపెట్టిండ్రు. ఇప్పుడు కాలనీల గొడవ. కుక్కలను ఎల్లగొట్టాలె, పెట్టుడు బంద్ చెయ్యాలె అంటున్నరు. ఒకాయన చిన్న పిల్లలున్నరని భయపడుతున్నడు. ఏం చెప్పాలె?

కాజీపేట అక్క:
ఆయన భయం నిజమైన భయమే, కోపం చెయ్యకు తమ్మీ. ముందు పెట్టే చోటు మార్చు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే జాగకు, మెట్లకు, గేట్లకు దూరం ఉండాలె, పెట్టే సమయం గూడ పిల్లలు, ముసలోళ్లు తిరగని ఏళ ఉండాలె. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు నిర్దేశించిన చోటనే పెట్టాలని, రోడ్ల మీద ఏడంటే ఆడ పెట్టొద్దని చెప్పింది. అందుకే కాలనీ సంఘంల మాట్లాడి ఒక మూల రాసుకోని, కార్పొరేషన్‌ల దరఖాస్తు ఇయ్యి. బడి, దవాఖాన, బస్టాండ్ ఆవరణల మాత్రం పెట్టకు. అదే ఏడు నవంబర్ 7న కోర్టు అక్కడి కుక్కలను తీసేయాలన్నది, నీ తిండి వాసనకు అవి అటే పోతయి.

ఎల్లగొడితే ఖాళీ అయిన జాగల కొత్త కుక్కలొస్తయి, ఇంజక్షన్ లేనియి, మనుషులకు అలవాటు లేనియి. అందుకని ఏడింటికీ రేబిస్ టీకా వేయించి, తేదీలతోటి ఫొటోల జాబితా సంఘం గ్రూపుల పెట్టు. మూడు నెలల వయసుకు మొదటి టీకా, నాలుగు వారాలకు ఇంకోటి, తర్వాత ఏడాదికోసారి. టీకా సీసా 2–8 డిగ్రీల చల్లదనంల ఉండాలె, మే ఎండల సంచిల వేసుకొని తెచ్చిన టీకా వేస్తే లాభం లేదు. ఐస్ ప్యాకుల డబ్బల తెచ్చేవాళ్లతోనే వేయించు.

ఓరుగల్లు పశువైద్యం:
కుక్క గీరినా కరిచినా ఏం చేయాలో కూడా ఆ గ్రూపులోనే రాయండి. సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. అదే రోజు ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆస్పత్రికి పోవాలి. రేబిస్ టీకా చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇస్తే 14వ రోజు కూడా కలిపి ఐదు. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే సూది) కూడా గాయంలోనే వేయాలి. రెండు సూదులకే ఆపేయకూడదు. కరిచిన కుక్కను కొట్టి చంపకుండా పది రోజులు గమనించాలి. కుక్కలను రోజూ ముట్టుకునే మీరు ముందే 0, 7, 21 రోజుల్లో వేయించుకుంటే, తర్వాత కరిచినా 0, 3 రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు.

పిల్లలు కాకుండా ఆపరేషన్లు చిత్తకార్తెకు ముందే, ఆగస్టు, సెప్టెంబర్లలో పూర్తి చేయించండి. చిత్తలో ఎదకొస్తే 60–63 రోజులకు, అంటే డిసెంబర్ చలిలో పిల్లలు పుడతాయి, పార్వో వైరస్ విరేచనాలకు, చలికి చాలా పోతాయి. ఎద కాని రోజుల్లో ఆడదానికి, లేదా మగదానికి మర్మాంగం నుంచి రక్తం చుక్కలు కారుతుంటే, కాలీఫ్లవర్ లాంటి గడ్డ ఉంటే అది కలయికతో ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకునే గడ్డ. వారానికోటి చొప్పున నాలుగు నుంచి ఆరు విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్లతో చాలావరకు పోతుంది. చూపించకుండా వదలొద్దు.

నయీంనగర్ గల్లీ:
సంఘం వాళ్లు సరే అన్నరు, పాత బోరు పక్కన మూల ఇచ్చిండ్రు. ఆపరేషన్‌కు కార్పొరేషన్ బండి వచ్చేముందు రాత్రి తిండి పెట్టాలెనా?

ఓరుగల్లు పశువైద్యం:
వద్దు. మత్తు ఇచ్చే ముందు 12 గంటలు కడుపు ఖాళీ ఉండాలి, లేకపోతే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు రోజు సాయంత్రం ఆరింటికి పెట్టి ఆపేయండి, పక్క గల్లీలో పెట్టేవాళ్లకూ చెప్పండి. నీళ్లు మాత్రం ఉంచండి. పాలిచ్చే తల్లిని ఇప్పుడు పంపకండి, పిల్లలు పూర్తిగా పాలు మానాక రెండు మూడు వారాలు ఆగండి. తిరిగి వదిలేటప్పుడు పట్టుకున్న చోటే, అదే గల్లీలో వదలమని అడగండి, ఆపరేషన్ అయిందనే గుర్తుగా చెవి కొన కత్తిరించారో లేదో చూసుకోండి. కుట్లను వారం పాటు రోజూ ఒకసారి దూరం నుంచైనా చూడండి. వాపు, తడి, ఈగలు కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలి. పిల్లల మెడకు కట్టిన బెల్టులుంటే ఇప్పుడే తీసేయండి. పిల్ల పెరుగుతుంటే బెల్టు మెడలోకి కోసుకుపోతుంది, పురుగులు పడిన మెడ గాయాల్లో చాలావాటికి మూలం అదే.